వ్రాతప్రతి

నవల వ్రాయాలన్న కోరిక ఒక్కసారైనా కలగని సాహిత్య విద్యార్థి అరుదు. పద్యానికి ఛందస్సు అడ్డు వస్తుందనీ, నాటకానికి రంగస్థలం కావాలనీ, విమర్శకు పాండిత్యం చాలదనీ వెనుకాడేవారు సైతం నవల దగ్గర వెనుకాడరు. కాగితం, కలం, కండ్లారా చూచిన లోకం ఉంటే చాలుననిపిస్తుంది. మొదటి ప్రకరణం మూడు రోజులలో పూర్తి అవుతుంది. రెండవదానికి మూడు వారాలు పడుతుంది. మూడవ ప్రకరణం నడుమ పరీక్షలో, ఇంటిలో పెండ్లో, రంజాను మాసమో వస్తుంది. ఆపైన ఆ నోటుపుస్తకం బీరువా అడుగుకు చేరుతుంది. మన ఊళ్ళలో బీరువాల అడుగున, ట్రంకుపెట్టెల అడుగున పడివున్న సగం నవలలను ఒకచోట చేర్చితే అదే ఒక గ్రంథాలయం కాగలదని మేము అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటాము.

తెలుగు అధ్యాపకులం కనుక ఏటా ఒకటి రెండు అట్టి వ్రాతప్రతులు మా బల్ల మీదికి వస్తాయి. మా ఇంటిలోనూ ఒకటి ఉన్నది. నూట డెబ్బదియొకటవ పుట దగ్గర నడుస్తున్నది. కనుక ఈ నాలుగు మాటలను ఉపదేశంగా కాక, ఒకే పనిలో ఉన్నవారు సాయంత్రం కూర్చుండి చెప్పుకొనే మాటలుగా స్వీకరించవలసిందని పాఠకులను కోరుతున్నాము.

నవలకు గడువులూ, పందాలూ నేటి కాలపు వింతలని కొందరు తలుస్తారు. మన నవల పుట్టుకనే చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. నరహరి గోపాలకృష్ణమ శెట్టి శ్రీరంగరాజు చరిత్రము 1872లో వచ్చినది. కందుకూరి వీరేశలింగం పంతులు రాజశేఖర చరిత్రము ఆ దశాబ్దిలోనే పత్రికలో వెలువడి పిదప పుస్తకమైనది. పత్రికలో వచ్చే నవలకు ప్రతి సంచికా ఒక గడువే. పాఠకుడు ఎదురుచూస్తుంటాడు, అచ్చు యంత్రం ఎదురుచూస్తుంటుంది, రచయిత వ్రాయక తప్పదు. 1890ల దశకంలో న్యాపతి సుబ్బారావు పంతులుగారి చింతామణి పత్రిక నవలల పోటీలు నడిపి బహుమతులిచ్చినది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి రామచంద్రవిజయం 1894లో ఆ పోటీలోనే బహుమతి పొందినది. చిన్ననాటి నుండి చూపు సరిగా లేక, తరువాతి కాలంలో దానిని పూర్తిగా కోల్పోయిన మనిషి నవల వెంట నవల వెలువరించినారు. కన్ను సహకరించకపోయినా చెవీ, నాలుకా, జ్ఞాపకమూ నవలను మోయగలవని ఆయన జీవితమే చెబుతున్నది.

మా ఉర్దూ శాఖ మిత్రులు ఈ ముచ్చట వినగానే నవ్వి, “మా వైపు కూడా బహుమతితోనే మొదలైంది జనాబ్” అన్నారు. డిప్టీ నజీర్ అహ్మద్ తన కుమార్తెల చదువు కోసం వ్రాసిన మిరాతుల్ ఉరూస్ 1869లో వెలువడినది. ఉర్దూలో తొలి నవలగా దానిని పలువురు పేర్కొంటారు. ఆనాటి ప్రభుత్వం దానికి 1,000 రూపాయల బహుమానం ఇచ్చినది. ఆడపిల్లలకు చదువదగిన పుస్తకం దొరకకపోవడం ఆ తండ్రికి ఎదురైన కొరత. వెదికి వెదికి దొరకని పుస్తకాన్ని తానే వ్రాయవలసి వచ్చింది. ఆలోచించి చూస్తే లోకంలోని మంచి నవలలలో అనేకం ఇట్లాగే పుట్టి ఉంటాయి. తనకు కావలసిన పుస్తకం అంగడిలో లేదని గ్రహించినవాడే దానిని వ్రాయడానికి కూర్చుంటాడు.

ఇక వేగం సంగతి. విశ్వనాథ సత్యనారాయణగారు 1934లో వేయిపడగలును 29 రోజులలో ముగించినారని సాహిత్యలోకంలో ప్రసిద్ధి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిర్వహించిన పోటీకి అది వెళ్ళి, అడివి బాపిరాజుగారి నారాయణరావుతో కలసి బహుమతిని పంచుకున్నది. మా విద్యార్థులకు ఈ వృత్తాంతమంటే మహా ప్రీతి. “విశ్వనాథవారికి 29 రోజులు చాలినప్పుడు మాకు వేసవి సెలవులు చాలవా సార్?” అని అడుగుతారు. ఇటువంటి ఉత్సాహమే అమెరికాలో ఒక ఉద్యమమైనది. 1999లో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 21 మంది మిత్రులు ఒక నెలలో నవల పూర్తిచేయాలని పూనుకున్నారు. పిదప అది నవంబరు నెల వ్రతంగా మారి దేశదేశాలకు ప్రాకినది. ముప్పది రోజులలో 50,000 పదాలు వ్రాయడం నియమం. అంటే దినానికి సుమారు 1,667 పదాలు. ఆ సంస్థ 2025లో మూతపడుతున్నట్లు ప్రకటించింది గాని, ఆ లెక్క మాత్రం ఔత్సాహికుల నోట నిలిచిపోయినది.

ఈ లెక్కను యథాతథంగా తెలుగుకు తెచ్చుకొనేవారు ఒక విషయం గమనించాలి. ఆంగ్లంలో నాలుగైదు మాటలు పట్టే భావాన్ని మన భాష ఒక్క పదంలో పొదుగుతుంది. “వెళ్ళలేకపోయినందువలన” అన్నది మనకు ఒకే పదం. అందువలన 50,000 తెలుగు పదాలంటే ఆంగ్లంలో అంతకు చాలా పెద్ద గ్రంథం. మరొక సంగతి. 29 రోజులు అన్నది కాగితం మీద కలం నడిచిన కాలం మాత్రమే. ఆ నవలలోని ఊరు, కోవెల, వంశాలు, ఆచారాలు, వాటి పతనం విశ్వనాథవారి లోపల పేరుకోవడానికి ఎన్ని ఏండ్లు పట్టినవో ఎవరు లెక్కించినారు? కుండ దింపడానికి నిమిషం చాలు. మట్టి త్రొక్కిన కాలం కొన్నవానికి కనిపించదు. ఇంకొకవైపు ఉన్నవ లక్ష్మీనారాయణగారిని చూడండి. మాలపల్లి చెరసాలలో రూపొందినది. 1922లో వెలుగు చూచి, ఆనాటి మద్రాసు ప్రభుత్వపు నిషేధానికి గురైనది. అక్కడ గడువు విధించినది పత్రిక కాదు, పోటీ కాదు, శిక్షాకాలం. తీరిక ఉన్నవాడే నవల వ్రాస్తాడన్న మాటకు ఆ చెరసాల గదే సమాధానం.

మన వంటివారికి ఏ లెక్క తగును? మేము మా విద్యార్థులకు ఒక చిన్న లెక్క చెబుతాము. డెమీ 1/8 సైజు పుస్తకంలో ఒక ఫారానికి 16 పుటలు. పదిహేను ఫారాలైతే 240 పుటలు. మధ్యరకపు నవల అది. పుటకు 200 పదాలు అనుకుంటే మొత్తం 48,000 పదాలు. దినానికి ఒక్క పుట, అనగా 200 పదాలు వ్రాస్తే ఎనిమిది నెలలు. జూన్ నడుమ ప్రారంభించినవాడు ఫిబ్రవరి పదవ తేదీ ప్రాంతానికి చివరి వాక్యం దగ్గర ఉంటాడు. సంవత్సరాంతపు పరీక్షలకు చదువుకొనే వ్యవధి కూడా మిగులుతుంది. దినానికి ఒక పుట అంటే ఎవరికీ భయం కలగదు. భయం కలగని లక్ష్యమే ఎక్కువ కాలం నిలుస్తుంది. పెద్ద లక్ష్యం మనస్సులో ఉండవచ్చు, ఉండవలసిందే. అయితే ఉదయాన లేచి చేయవలసిన పని మాత్రం చేతికి అందేటంతగా ఉండాలి.

మాకు ఆ ఒక్క పుట ఫజర్ నమాజుకూ, పాలవాడు వచ్చే వేళకూ నడుమ దొరుకుతుంది. వంటింటి గడప ప్రక్కన ఒక చిన్న బల్ల. పిల్లలు లేస్తే ఆ నాటి పని ముగిసినట్లే. కొన్ని దినాలు అర పుటే వచ్చినది. కొన్ని దినాలు ముందునాటి పుటను కొట్టివేయడంతోనే తెల్లవారినది. అయినా బల్ల దగ్గర కూర్చుండడం మానలేదు. ఇట్లు మూడేండ్లు గడచినవి.

ఇక్కడ మన ఇండ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. తెలుగులో వ్రాసే ముస్లిం రచయితల నుండి కథలు వచ్చినంతగా నవలలు రాలేదు. ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు 1999లో వచ్చినప్పుడు తెలుగు పాఠకలోకం ఆ ఇండ్లలోనికి తొంగి చూచి మురిసిపోయినది. వేంపల్లె షరీఫ్ జుమ్మా కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించినది. నవలారంగంలో సలీంగారు విరివిగా కృషి చేసినారు. వారి కాలుతున్న పూలతోట నవల 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందినది. అయినా కథల జాబితా ప్రక్కన నవలల జాబితా పొట్టిగానే ఉన్నది. కారణం ప్రతిభాలోపమని మేము అనుకోము. కథను ఒక రాత్రి మేలుకొని వ్రాయవచ్చు. నవలకు ప్రతిదినం ఒకే చోటు, ఒకే వేళ కావాలి. రెండు గదులలో ఎనిమిది మంది ఉండే ఇంటిలో, సాయంత్రం దుకాణంలో కూర్చుండవలసిన కుర్రవానికి, తమ్ముళ్ళకు అన్నం వడ్డించవలసిన అమ్మాయికి ఆ చోటూ, ఆ వేళా ఎక్కడివి? నవల లేకపోవడమన్నది కొన్నిచోట్ల సాహిత్య సమస్య కాదు, గదుల సమస్య.

మూడేండ్ల క్రిందట మా విద్యార్థిని ఒకతె రెండువందల పుటల నోటుపుస్తకాలు రెండు తెచ్చి బల్ల మీద పెట్టినది. వాణిజ్యశాస్త్ర విద్యార్థిని. తండ్రి పరుపులు కుట్టేవాడు. పుస్తకాలకు బియ్యపు సంచి గుడ్డతో అట్టలు వేసి కుట్టి ఉన్నవి. ఎక్కడ కూర్చుండి వ్రాసినావమ్మా అని అడిగితే, “గోదాములో సార్, దూది మూటల మీద” అన్నది. పగలంతా దుమ్ము రేగే ఆ గోదాము మధ్యాహ్నం ఒంటిగంట నుండి రెండు గంటల దాకా, తండ్రి నమాజుకూ భోజనానికీ వెళ్ళినప్పుడు ఖాళీగా ఉండేది. సెలవు దినాలలో ఆ ఒక్క గంటలో ఆమె నాలుగువందల పుటలు నింపినది. చదివినాము. మొదటి ముప్పది పుటలు ఎక్కడో చదివిన వారపత్రిక నవలల వలె ఉన్నవి. ముప్పదియొకటవ పుటలో గోదాము వచ్చినది. దూది ధూళికి దగ్గే మనిషి వచ్చినాడు. అక్కడి నుండి పుస్తకం క్రింద పెట్టలేకపోయినాము. “మొదటి ముప్పది పుటలు తీసివేస్తే నీ నవల మొదలవుతుంది” అని చెప్పినాము. ఆమె నొచ్చుకోలేదు. ఇంటికి వెళ్ళి ఆ పుటలను చింపక, సూదితో దారం విప్పి వేరుచేసి దాచుకున్నదట. అది చాలా మంచి పని. తీసివేసినవి పారవేయరాదు. ఆ ముప్పది పుటలు వ్రాసిన చేయే ముప్పదియొకటవ పుట దాకా నడిచివచ్చినది.

తరువాతి వారం ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం మా దగ్గర సిద్ధంగా సమాధానం లేకపోయినది. “నవలలో మా ఖాలా కథ ఉన్నది సార్. పేరు మార్చితే చాలునా?” అన్నది. ఆ కథ ఏమిటో ఇక్కడ చెప్పడం మా పని కాదు. అది ఆమె నవల పని. ఇంటివారు ఇరవై ఏండ్లుగా వీధికి తెలియకుండా కాపాడుకున్న సంగతి అని మాత్రం చెప్పగలము. ఈ పుటలలో ఆమె ప్రస్తావన చేయడానికి కూడా ఆమె అనుమతి తీసుకొని, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చినాము.

నవలా రచనను గురించిన పుస్తకాలలో పాత్రచిత్రణ అన్న ప్రకరణం ఉంటుంది. పాత్రకు మూలమైన మనిషి ప్రక్కింటిలో బ్రతికే ఉన్నప్పుడు ఏమి చేయాలన్న ప్రకరణం మాత్రం తరచు కనిపించదు. మహానగరంలో వ్రాసేవానికి ఈ చిక్కు తక్కువ. ఒకే మొహల్లాలో, ఒకే మసీదు నీడలో తరతరాలుగా ఉన్నవారికి పేరు మార్చినంత మాత్రాన ఏమీ దాగదు. రోకలి ఎవరిదో ఇల్లు చెబుతుంది, దగ్గు ఎవరిదో వీధి చెబుతుంది. అట్లని వ్రాయకుండా ఉంటే ఆ ఇంటి బాధ ఆ ఇంటి గోడలతోనే కూలిపోతుంది. మేము చాలసేపు ఆలోచించి, “ఆ మనిషి ఈ పుటలు వింటే తాను చిన్నబోయినట్లు అనుకుంటుందా, తనను ఒకరు అర్థం చేసుకున్నట్లు అనుకుంటుందా? అది నీకే తెలియాలమ్మా” అని మాత్రం అన్నాము.

ఆ అమ్మాయి మా కంటె ధైర్యవంతురాలు. పుస్తకం తీసుకొని తిన్నగా ఖాలా దగ్గరకే వెళ్ళి, తలుపు మూసి, ఆ ప్రకరణం చదివి వినిపించినది. ఖాలా రెండు దినాలు మాట్లాడలేదట. మూడవనాడు వంటింటిలో ఉల్లిపాయలు తరుగుతూ, తలయెత్తకుండా, “ఆ దినం నేను కట్టుకున్నది తెల్లచీర కాదు, ఆకుపచ్చది. దిద్దుకో” అన్నదట. అంతకు మించిన అనుమతిపత్రం ఏ రచయితకూ లభించదు.

ఇక భాష. మా ఇంటిలో మాటలాడేది ఉర్దూ. మేము వ్రాసేది తెలుగు. మా అమ్మగారికి తెలుగు మాటలాడడం వచ్చును గాని చదవడం రాదు. మా నవలలోని తల్లి పాత్ర ఎట్లా మాటలాడాలి? పూర్తిగా తెలుగులో మాటలాడిస్తే అది మా అమ్మ కాదు. ఉర్దూలో మాటలాడిస్తే పాఠకునికి అందదు. ఒక ప్రచురణకర్తకు మొదటి ఐదు ప్రకరణాలు పంపితే, ఉర్దూ మాటలు తగ్గించి పంపవలసినదిగా రెండు వాక్యాల జాబు వచ్చినది. పుట అడుగున అర్థాలు ఇమ్మని మరొక మిత్రుని సలహా. ఆ రెండు మార్గాలూ మాకు నచ్చలేదు. అన్నం తింటున్నవానికి ప్రతి ముద్దకూ ఒక చీటి అందించినట్లుంటుంది అడుగున అర్థాలివ్వడం. వాక్యమే ఆ పని చేయాలి. “దస్తర్‌ఖాన్” అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు. నేల మీద దస్తర్‌ఖాన్ పరచి, నలుగురూ చుట్టూ కూర్చుండి, అమ్మ రొట్టెలు నడుమ పెట్టినదని వ్రాస్తే, దానిని ఎన్నడూ చూడని పాఠకుడు కూడా కూర్చుండడానికి చోటు వెదుక్కుంటాడు. మన తెలుగు ఏనాడూ పరాయి మాటకు తలుపు మూయలేదు. కచేరీ, జమాబందీ, దస్తావేజు, వకీలు, తహసీలు అన్నవి ఏ ఇంటి నుండి వచ్చినవి? కార్యాలయంలో చెల్లిన మాటలు వంటింటి నుండి వస్తే చెల్లవా?

రెండు భాషల నడుమ నిలిచిన రచయిత ఒంటరివాడేమీ కాదు. ప్రేమ్‌చంద్ బాజారె హుస్న్ నవలను ముందుగా ఉర్దూలో వ్రాసినారు. ప్రచురణ మాత్రం సేవాసదన్ పేరుతో 1919లో హిందీలో ముందు జరిగినది. ఉర్దూ ప్రతి వెలువడినది 1924లో. తాను వ్రాసిన భాషలో తన పుస్తకాన్ని చూచుకోవడానికి అంతటి రచయిత అయిదేండ్లు వేచివుండవలసి వచ్చినది. ఉమ్రావ్ జాన్ అదా రచయిత మీర్జా హాదీ రుస్వా లక్నో మనిషి. చివరి కాలం హైదరాబాదులో, అనువాదపు పనిలో గడిపి 1931లో ఇక్కడనే కన్నుమూసినారు. ఆ హైదరాబాదు హవేలీల జీవితాన్ని జీలానీ బానో 1976లో ఐవానె గజల్‌గా ఉర్దూలో నవలీకరించినారు. ఒకే నేల మీద ఉర్దూ నవలా, తెలుగు నవలా ప్రక్కప్రక్కనే పెరిగినవి. మన కళాశాలలో మాత్రం ఆ రెండు శాఖల గదుల నడుమ ఒక వరండా ఉన్నది. దానిని దాటడం కష్టమేమీ కాదు.

వ్రాతప్రతిని సిద్ధపరచడం గురించి కొన్ని మాటలు. పూర్వం ఠావు కాగితానికి ఒకే వైపున, ఎడమవైపు అంచు వదిలి, పుటల సంఖ్య వేసి, తిప్పి పంపడానికి తగిన తపాలాబిళ్ళలు అంటించిన కవరు జతపరచి పంపేవారు. ఇది స్వీయరచన అనీ, అనువాదమో అనుకరణో కాదనీ, మరెక్కడా ప్రచురితం కాలేదనీ హామీపత్రం వ్రాసి సంతకం చేసేవారు. నేడు కవరు పోయి ఈమెయిలు వచ్చినది గాని హామీపత్రం పోలేదు. అది కేవలం నియమం కాదు, రచయిత తనకు తాను చేసుకొనే ప్రమాణం. విద్యార్థులలో పలువురు నేడు సెల్‌ఫోనులోనే నవల వ్రాస్తున్నారు. తప్పేమీ లేదు. అయితే ఫోను పోతే నవల పోతుంది. వారానికొకసారి వేరొక చోట ప్రతి దాచుకోవాలి. యూనికోడులో వ్రాసినదానిని అచ్చుశాలలో మరొక అక్షరపద్ధతికి మార్చేటప్పుడు ఒత్తులూ, గుణింతాలూ చెదరడం తరచు జరుగుతుంది. ప్రూఫులు చూడడం ఎవరికో వదలక, రచయితే మొదటి అక్షరం నుండి చివరి అక్షరం దాకా చూచుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది బిగ్గరగా చదవడం. కన్ను క్షమించే తప్పును చెవి క్షమించదు. మేము ఆదివారాలు మా అమ్మగారికి వారం నాటి పుటలు వినిపిస్తాము. తెలుగు వాక్యం చదివి, అర్థం కానిచోట ఇంటిమాటలో చెబుతాము. ఏ చోట ఇంటిమాటలో చెప్పడానికి మేము తడుముకుంటామో, ఆ వాక్యం పుస్తకాల నుండి వచ్చినదే గాని మా ఇంటి నుండి వచ్చినది కాదని తేలిపోతుంది. దానికి గీత పెట్టి తిరిగి వ్రాస్తాము. ఒక ఆదివారం ఆమె మధ్యలో ఆపి, “ఈ తల్లి ఇంత మాటలాడదు బేటా. కోపం వస్తే గిన్నెలు కడుగుతుంది” అన్నది. రెండు పుటల సంభాషణ పోయి ఆ చోట ఒక వాక్యం మిగిలినది. ఎం.ఏ. తరగతిలో మేము చదివిన శిల్పచర్చలన్నిటిలోనూ అంత సూక్ష్మంగా చెప్పిన మాట మాకు గుర్తు లేదు.

గత ఏడాది నుండి ఆమెకు కుడిచెవి వినిపించడం లేదు. ఎడమచెవి వైపు కూర్చుండి చదువుతున్నాము. వైద్యులు చెప్పినది మాకు అర్థమైనది. కనుక మా గడువును ఏ పత్రికా, ఏ పోటీ నిర్ణయించలేదు. ఇంకా డెబ్బది పుటలు ఉన్నవి. ఆదివారాలు ఎన్ని ఉన్నవో మేము లెక్కపెట్టము. పుటలను మాత్రమే లెక్కపెడతాము.

బహుమతులను గురించి కూడా దాచకుండా చెప్పాలి. తానా వంటి సంస్థల నవలల పోటీల మూలంగా మంచి నవలలు వెలుగు చూచినవి. చంద్రలత రేగడివిత్తులు 1997లో ఆ బహుమతి పొందినది. బండి నారాయణస్వామిగారి శప్తభూమి 2017లో తానా పోటీలో నెగ్గి, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం గెలుచుకున్నది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి కొండపొలం 2019లో బహుమతి పొంది, 2021లో చలనచిత్రమైనది. రేగడి నేల, అనంతపురం సీమ చరిత్ర, గొర్రెల కాపరులు వెళ్ళే అడవి ఈ మూడింటి మూలద్రవ్యం. రచయితలు తమకు తెలిసిన నేలను విడువలేదు. అదే మన విద్యార్థులు గమనించవలసినది. పోటీ వలన గడువు లభిస్తుంది, ధైర్యం లభిస్తుంది. బహుమతి రానంత మాత్రాన నవల నవల కాకుండా పోదు. పోటీకి వెళ్ళి తిరిగివచ్చిన వ్రాతప్రతిని మూడు నెలలు ముట్టక, ఆపైన పరాయివాని కంటితో చదివితే ఏది నిలిచినదో ఏది నిలువలేదో దానంతటదే తెలుస్తుంది.

ఆ విద్యార్థిని పట్టం పుచ్చుకొని, పెండ్లియై, వేరొక ఊరికి వెళ్ళినది. మూడవ నోటుపుస్తకం అత్తగారింట సగమైనదట. “రెండు ప్రకరణాలు మిగిలినవి సార్. ఇక్కడ గోదాము లేదు. డాబా మెట్ల మీద వ్రాస్తున్నాను” అని గత నెల ఫోను చేసి చెప్పినది. మెట్ల మీద వెలుతురు ఎంతసేపు ఉంటుందని అడిగినాము. మగ్రిబ్ దాకా ఉంటుందన్నది. చాలునన్నాము.

ఈ సంచికలో విద్యార్థుల రచనలకు కేటాయించిన పుటలు కొద్ది. నవలలో ఒక ప్రకరణం కూడా అందులో పట్టదు. అందుచేత తెలుగు శాఖ, ఉర్దూ శాఖ కలసి వచ్చే జూన్ నుండి ప్రతి గురువారం చివరి గంట తరువాత వరండాలో ఒక బల్ల వేయదలచినవి. ఎవరైనా తమ వ్రాతప్రతి నుండి ఆ వారపు పుటలు చదివి వినిపించవచ్చును. తెలుగులో చదివినది ఉర్దూ వారికి, ఉర్దూలో చదివినది తెలుగు వారికి అక్కడికక్కడే చెప్పడానికి మేమిద్దరమూ ఉంటాము. తీర్పులు ఉండవు, మార్కులు ఉండవు. బీరువా అడుగున ఉన్న నోటుపుస్తకాన్ని దుమ్ము దులిపి తీసుకొని రావలసినదిగా కోరుతున్నాము. మొదటి గురువారం చదవడానికి ఎవరూ ముందుకు రాకపోతే మా నూట డెబ్బదియొకటవ పుటతోనే ఆరంభిస్తాము.